శీర్షికలు మాత్రమే వినబడిన ఇల్లు

నిజం చెప్పండి, పాత పత్రికల వింత శీర్షికలంటూ ఈ మధ్య ఫోనుల్లో తిరుగుతున్న బొమ్మలు చూసి మీరు కూడా నవ్వారా, లేదా? నవ్వే ఉంటారు. కుందలహళ్ళిలో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటులో సాయంత్రాలు సిమెంటు బెంచీ మీద చేరే మా ముసలివాళ్ళ గుంపంతా నవ్వింది. రెండో పెద్ద యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాల శీర్షికలట అవి. ఒక్క మాత్ర మింగితే ఒక పూట భోజనమట, ఆకాశంలో ఎగిరే పళ్ళేలట, గాలి నీరు బొగ్గు కలిపి పట్టు చేశారట. మన పెద్దవాళ్ళు ఎంత అమాయకులో చూడండి అని కింద ఎవరో రాశారు, దాని కింద కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వే పసుపుపచ్చని ముఖాలు వరుసగా పెట్టారు.

నాకు మొదట అనుమానం వచ్చింది ఆ కాగితం మీదే. పాత కాగితం అంచుల దగ్గర ఎక్కువా మధ్యలో తక్కువా మాగుతుంది, ఇదేమో పసుపు నీళ్ళలో ముంచి తీసినట్లు అంతటా ఒకే రంగుగా ఉంది. ఆ కాలపు అచ్చులో సిరా అలుక్కుపోని పేజీని నేను ఎరగను, ఇందులో ఒక్క మరక లేదు. ఎవరో ఈ మధ్యనే కూర్చుని తయారుచేసి ఉంటారు. కాని అందులోని బొగ్గు పట్టు శీర్షికను మాత్రం నేను తోసిపుచ్చలేను, ఎందుకంటే దాన్ని నేను చిన్నప్పుడు ఇదే ఊళ్ళో పాత నగర్తపేటలోని మా ఇంట్లో నా చెవులతో విన్నాను. మా ఇంటి మూడు మగ్గాలనూ అమ్మించబోయిన శీర్షిక అది. అందుకని ఆ సాయంత్రం బెంచీ మీద నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే.

ఈ పత్రిక చదివేవాళ్ళలో నా వయసు వాళ్ళు చాలామందే ఉన్నారు కనుక ముందే ఒక మాట. పాత కాలమంతా బంగారమని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఎనభై దాటి చాలా కాలమైన మనిషి జ్ఞాపకం కూడా అనుమానించదగిన సాక్షే. నేను చెప్పేదాన్ని కూడా కాస్త జాగ్రత్తగానే వినండి.

మాది పట్టు నేసే ఇల్లు. పొడుగ్గా, ఇరుకుగా, వెనక భాగంలో మాత్రం పైకప్పు అద్దాల వల్ల వెలుగు పడే ఇల్లు. ఆ వెలుగులో మూడు గుంట మగ్గాలుండేవి. మొదటిది నాయనది, రెండోది మా అమ్మ తమ్ముడిది, అంటే మా మామది, మూడోది నాయన తమ్ముడైన మా చిన్నాయనది. చిన్నాయన ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న కాలం కన్నా గుమ్మంలో నిలబడి పేపరు చదివిన కాలమే ఎక్కువ. అమ్మా, నేనూ గోడ పక్కన కూర్చుని పట్టు దారం కండెలకు చుట్టేవాళ్ళం. అవ్వ, అంటే నాయన తల్లి, ఏ పనీ చేయకుండా అందరి పనినీ కనిపెట్టి ఉండేది.

సాయంకాలం పేపరు చదివి వినిపించడం మా వీధిలో చాలా మగ్గాల ఇళ్ళలో ఉన్న అలవాటే. నేసేవాడికి చేతులూ కాళ్ళూ ఖాళీ ఉండవు, కళ్ళు పోగు మీద నుంచి తప్పుకోకూడదు, ఇక ఖాళీగా మిగిలేవి చెవులే. కాని ఆ చెవుల నిండా మగ్గం చప్పుడే. నాడె అటు నుంచి ఇటు దూకేటప్పుడు ఒక దెబ్బ, పేకను, అంటే అడ్డపోగును, దగ్గరికి కొట్టేటప్పుడు ఇంకో దెబ్బ. రెండు మగ్గాలు కలిసి ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అందువల్ల చిన్నాయన పేపరు తెరిచి, గొంతు చించుకుని, పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం కేకవేసి చెప్పేవాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవడానికి మొదలుపెట్టేవాడు కూడా, పెదవులు కదలడం నాకు కనిపించేది, కాని మాట చప్పుడులో కలిసిపోయేది. నేత ఆపితే పని చెడుతుంది కనుక ఎవరూ ఆపేవాళ్ళు కాదు. అలా మా ఇంటికి ఏళ్ళ తరబడి శీర్షికలు మాత్రమే చేరాయి. మిగిలిన వార్తను మేమే నేసుకునేవాళ్ళం.

ఆ నేతలో మా మామను మించినవాడు లేడు. భోజనం మాత్ర సంగతి వచ్చిన సాయంత్రం ఆయన మగ్గంలోంచే గొంతెత్తి పెళ్ళి భోజనం పెట్టించాడు. పందిట్లో బారులుగా ఆకులు వేస్తారట, ఒక్కొక్క ఆకులో ఒక్కొక్క మాత్ర వడ్డిస్తారట, మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన తన మాత్ర పక్కవాడి దానికన్నా చిన్నగా ఉందని అలిగి లేచిపోతాడట, ఆయన్ను బతిమాలి కూర్చోబెట్టి అరమాత్ర మారు వడ్డిస్తారట. వంటవాళ్ళు మాత్రం మామూలుగానే వస్తారట, ఎందుకంటే మాత్ర సరిగ్గా ఉడకలేదని పెద్దలు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి కదా. అవ్వకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. తద్దినం నాడు కాకికి మాత్ర పెడితే అది ముట్టుకుంటుందా, ముట్టుకోకపోతే పెద్దలు ఆకలితో పోయినట్లేనా అని. చిన్నాయన వెంటనే, ఇన్నేళ్ళుగా అన్నం పెడితే మాత్రం పెద్దలకు చేరిందని కాకి వచ్చి చెప్పిందా అని అడిగాడు. అవ్వ ఆ రాత్రి ఆయనకు పెరుగు వేయలేదు.

పళ్ళేలు ఎగిరాయని విన్నప్పుడు అవ్వ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నా ఇత్తడి పళ్ళెం పక్కింటామె తీసకపోయి మొన్న పండగ నుంచీ ఇయ్యలేదు. ఇంక అదీ ఎగిరిపోయినాదని చెప్తాది చూడు," అంది. ఇకమీద సర్కారే వానలు కురిపించబోతోందన్న శీర్షిక మరీ ముప్పు తెచ్చింది. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి, పోగులు సరిచేసి, గంజి పట్టించి ఆరబెట్టడం అప్పటి పద్ధతి. వాన చినుకు పడితే పట్టు పాడవుతుంది. ఆ మరునాడు మబ్బు తునక లేని ఆకాశం కింద నాయన సగం ఆరిన పడుగును చుట్టి ఇంట్లోకి తెచ్చేశాడు. మబ్బునైతే చూసి జాగ్రత్తపడవచ్చు, సర్కారు ఎప్పుడు పోస్తుందో ఎవడికి తెలుసని ఆయన వాదన. వీధి వాళ్ళు నవ్వారు, కాని నాయన్ను చూసి ఇంకో ఇద్దరు కూడా తమ పడుగులు చుట్టేశారు.

చిన్నాయన గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, ఎందుకంటే నేనీనాడు కలం పట్టుకుని పూజారులతోనూ జాతకాల వాళ్ళతోనూ తగవులాడుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆదివారాలు పేటలో ఒక చిన్న హాల్లో సంస్కరణ సభలు జరిగేవి. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునా, ఆడపిల్ల హైస్కూలుకు పోవచ్చునా, గ్రహణం నాడు గర్భిణి బయటికి రావచ్చునా అని వాదాలు. ఆయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు. ఎవరే మాట చెప్పినా రెండు ప్రశ్నలు వేయమని నేర్పాడు: చెప్పినవాడెవడు, దానివల్ల వాడికేం లాభం? ఆ రెండు ప్రశ్నలతో నేను మా ఇంటికి వచ్చే పంచాంగం అయ్యవారిని ఒకసారి నీళ్ళు నమిలేలా చేశాను. ఈ ప్రశ్నలు నేర్పిన మనిషి మీదనే వాటిని వేయవచ్చునని మాత్రం నాకు తోచలేదు.

బొగ్గు పట్టు శీర్షిక వచ్చింది ఆ రోజుల్లోనే. చిన్నాయన దాన్ని మామూలు కన్నా గట్టిగా చదివాడు, రెండుసార్లు చదివాడు. మామ వెంటనే అందుకున్నాడు. ఇకమీద ముహూర్తం చీర కోసం పెళ్ళివారు బొగ్గుల డిపోకు పోతారట, అక్కడ సాహుకారు నల్లని చేతులతో గోనె సంచులు విప్పి, అమ్మా ఇది మంచి బార్డరుకు వస్తుంది, ఇది పొయ్యిలోకి మాత్రమే వస్తుంది అని ఏరి చూపిస్తాడట. పెళ్ళికూతురు హోమం దగ్గర కూర్చుంటే చీర అంటుకోకుండా ఒకడు నీళ్ళ చెంబుతో నిలబడతాడట. అవ్వ నవ్వలేదు. "బొగ్గు పట్టు మడికి పనికొస్తాదా లేదా, అది చెప్పు ముందు," అని పట్టుకుంది. పురుగును చంపకుండా చేసిందే అసలైన మడి అని చిన్నాయన, కాలినదానికి మడి ఏమిటని అవ్వ, ఆ వాదం మూడు పూటలు నడిచింది.

నాయన మాత్రం ఆ సాయంత్రం నుంచి మాట్లాడటం తగ్గించాడు. నవ్వించే శీర్షికల్లో ఇదొక్కటే ఆయన చేతి పని మీదికి వచ్చింది. చిన్నాయన ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అన్నం దగ్గర తీసేవాడు, వక్కాకు దగ్గర తీసేవాడు, నాయనకు పెద్ద అక్షరాలు చూపించి మళ్ళీ జేబులో పెట్టేసుకునేవాడు. నాయనకు చదువు రాదు. బొగ్గు ఎక్కడైనా దొరుకుతుంది, గాలికి వెల లేదు, ఇంకో రెండేళ్ళకు పట్టు గజం బొంత గుడ్డ కన్నా చవకవుతుంది, మగ్గాలకు విలువ ఉన్నప్పుడే వదిలించుకుందామని చిన్నాయన రోజూ చెప్పేవాడు. ఆయన మాటల్లో ప్రతిదీ తర్కంలాగే ఉండేది. అదే నన్ను ఈనాటికీ భయపెడుతుంది.

ఇంకో సంగతి అప్పుడు అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని దీనితో కలిపి చూడలేదు. మా వెనక వీధిలో చిన్నాయన స్నేహితుడు ఒకడు, యుద్ధం అయ్యాక సైన్యం వాళ్ళు అమ్మేసిన యంత్రాల్లోంచి ఇనుము చెక్కే లేతు మిషను ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. చిన్నాయన తీరిక దొరికితే అక్కడే ఉండేవాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన చేతులకు నూనె వాసన వేసేది. నేత వాడి చేతికి నూనె అంటితే పట్టు పాడవుతుందని నాయన సబ్బుబిళ్ళ అందించేవాడు, ఒక్క మాట అడగకుండా.

చివరికి నాయన సరేనన్నాడు. దొడ్డబళ్ళాపురం నుంచి ఒక నేతగాడు మగ్గాలు చూడటానికి వచ్చాడు, పిలిపించింది చిన్నాయనే. మూడూ ఇచ్చేస్తే నాయన ఏం చేస్తాడన్నది అప్పటికింకా తేలలేదు. చిక్కపేట అంగడిలో బట్టలు మడతపెట్టే పని ఏదైనా ఆయనకు చూసిపెడతానని మామ అన్నాడట. ఎవడో నేసిన చీరను ఇంకెవడికో మడతపెట్టడం నాయనకు ఎలా ఉంటుందో నాకు ఆ వయసులో తెలియలేదు కాని, ఆ వారమంతా ఆయన మగ్గం దిగి అన్నానికి రావడానికి ఎంత ఆలస్యం చేశాడో మాత్రం గుర్తుంది.

వచ్చినాయన మంచివాడు. మగ్గం కర్రలు తట్టి చూశాడు, గుంటలోకి దిగి కాళ్ళతో తొక్కి చూశాడు, నాయన నేస్తున్న చీర అంచును వేళ్ళ మధ్య పట్టుకుని బాగుందన్నట్లు తల ఊపాడు. మామ మర్యాదకు, పట్టు పని ఎట్లా ఉందని అడిగాడు. ఆయన దాచుకోలేదు.

"పట్టుకేమప్పా, యుద్ధమప్పుడు నిలిచిపోయిన పెండ్లిండ్లన్నీ ఇప్పుడు ఒకటేసారి అయితా ఉండాయి. నేసేదానికి మగ్గాలు చాలకనే ఇంత దూరం వచ్చినాను."

అందరూ విన్నారు.  వచ్చినాయనకు మజ్జిగ ఇస్తున్న అమ్మ, మగవాళ్ళ బేరాల్లో ఎన్నడూ నోరు విప్పని మా అమ్మ, చెంబు కింద పెట్టింది.

"పట్టు పని ముగిసిపోయిందని మీరంతా చెప్తా ఉండారు. ముగిసిపోయినదానికి ఈ అన్న ఏంటికి మగ్గాలు కొంటాడు?"

మామ తన మగ్గం ఆపేశాడు. నాయనది అంతకుముందే ఆగి ఉంది. పగటిపూట ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. వీధిలో గాజులమ్మే ఆమె కేక లోపలిదాకా వచ్చింది. అమ్మ చిన్నాయన వైపు తిరిగింది.

"ఆ కాగితం నీ జేబులోనే ఉండాది కదప్పా. పెద్దక్షరాలు చాలా విన్నాము. చిన్నక్షరాలు చదువు."

చిన్నాయన కాగితం తీశాడు. సభల్లో వందమంది ముందు తొణకని గొంతు ఆ రోజు సన్నగా వచ్చింది. చదివాడు, అంతా చదివాడు, దాచలేదు. ఎక్కడో దూరదేశంలో ఒక మిల్లువాళ్ళు చేసిన దారమట అది. యుద్ధంలో గొడుగుల్లా తెరుచుకుని సైనికులను దింపే గుడ్డలకు వాడారట, ఇప్పుడు దొరసానుల మేజోళ్ళకు, చేపల వలలకు, పళ్ళు తోముకునే బ్రష్షులకు వాడుతున్నారట. పట్టులాగా రంగు పట్టడం లేదట. పట్టు వ్యాపారానికి ఇప్పట్లో దీనివల్ల ఏ భయమూ లేదని చిట్టచివర రాసి ఉంది.

"దొరసానుల కాళ్ళ మేజోళ్ళ కోసరమా మన మగ్గాలు అమ్మేది?" అంది అవ్వ. ఇంకో రోజైతే మామ దాన్ని అందుకుని అరగంట నడిపేవాడు. ఆ రోజు తల వంచుకుని నాడెలో కండె సరిచేసుకున్నాడు.

చిన్నాయన అబద్ధం చదివాడా? లేదు. ఒక్క అక్షరం కలపలేదు. అచ్చులో ఉన్నదే చదివాడు, సగం దగ్గర ఆపాడు, అంతే. దానివల్ల ఎవరికి లాభమన్న ప్రశ్నను ఆ రోజు నేను పైకి అడగలేదు, జవాబు అప్పటికే ఆయన చేతుల నూనె వాసనలో ఉంది కనుక. మగ్గాలు పోతే తన వాటాతో స్నేహితుడి మిషనులో భాగం తీసుకుందామని ఆయన అనుకున్నాడు. నాకు కోపంకన్నా ముందు సిగ్గు వచ్చింది. దేవుడి పేరు చెప్పి భయపెట్టేవాళ్ళను కనిపెట్టడం నేర్చుకున్నాను, శాస్త్రం పేరు చెప్పి భయపెట్టిన మనిషి మా గుమ్మంలోనే నిలబడి ఉంటే నాకు కనబడలేదు.

నాయన కేకలు వేస్తాడనుకున్నాం. ఆయన గుంటలోంచి పైకి వచ్చి, పంచె దులుపుకుని, తమ్ముడి ముందు నిలబడ్డాడు.

"నీకు ఆ మిషను కావాలని అడిగింటే, నేను ఇయ్యనా?"

చిన్నాయన కాగితాన్ని మడిచాడు. "నువ్వు ఇస్తావని తెలుసన్నా," అన్నాడు. "నేత నాకు వద్దని నీ ముందర నిలబడి చెప్పేదానికే నోరు రాలేదు."

ఆ మాట నేను చాలా ఏళ్ళు తిప్పితిప్పి చూశాను. ఊళ్ళో పెద్దలందరినీ ఎదిరించి మాట్లాడిన మనిషి, సొంత అన్నకు ఒక్క చిన్న నిజం చెప్పలేక, సముద్రాల అవతలి మిల్లు ఒకటి వచ్చి తన తరఫున ఆ మాట చెబుతుందని కాచుకున్నాడు.

దొడ్డబళ్ళాపురం ఆయన మూడో మగ్గం ఒక్కటే తీసుకుని వెళ్ళాడు. చిన్నాయన మిషను పనిలోకి పోయాడు, తరువాతి కాలంలో ఫ్యాక్టరీలు వెలసిన పీణ్యలో సొంతంగా షెడ్డు వేసుకున్నాడు, మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు. నాయనా ఆయనా పండగలకు కలిసి భోంచేసేవారు. కాని ఆయన మా ఇంట్లో మళ్ళీ పేపరు చదవలేదు. ఆ పని నాకు వచ్చింది. అమ్మ ఒక్క నియమం పెట్టింది, చదివేటప్పుడు మగ్గాలు ఆగాలని. మగ్గం ఆపితే నేత నిలుస్తుంది కనుక, రోజుకు ఒక్క వార్తకు మించి చదవడం కుదిరేది కాదు. ఆ ఒక్కటీ చివరిదాకా చదివేదాన్ని. కింద ఏముందో తెలిశాక మామకు ఊహించడానికి ఏమీ మిగిలేది కాదు. అరమాత్ర మారు వడ్డనల సాయంత్రాలు అలా పోయాయి. పోయినందుకు నాకు బాధగానే ఉంది, ఆ నవ్వులు మళ్ళీ ఎక్కడా వినలేదు. కాని వాటికోసం మగ్గాలు అమ్ముకోమంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇక మీలో అనుమానపు మనిషి ఒకరైనా అడుగుతారు, చివరికి ఆ శీర్షిక నిజమే అయింది కదా అని. అయింది. పాతికేళ్ళ తరువాత ఆ బొగ్గు పట్టుతోనే నేసిన నైలాన్ చీరలు అంగళ్ళ నిండా వచ్చాయి, నేనూ కట్టాను. మరమగ్గాలు వచ్చాయి, మా నాయన మగ్గాలు ఆయన కళ్ళ ముందే ఆగాయి. కాని ఆ పాతికేళ్ళూ ఆయన తనకు తెలిసిన పని తాను చేసుకుని, తన ఇంట్లో తాను అన్నం తిన్నాడు. సగం చదివిన కాగితం ఆ పాతికేళ్ళనే లాక్కోబోయింది.

ఈనాడు మా వీధిలో మగ్గాల చప్పుడు లేదు. పెద్ద అక్షరాల దగ్గర ఆగిపోవడానికి ఎవరికీ ఏ అడ్డమూ లేదు, అయినా అందరం అక్కడే ఆగుతున్నాం, అదీ ఒంటరిగా, ఎవరి చేతిలో వారి అద్దం పలక చూసుకుంటూ. చెంబు కింద పెట్టి నిలదీసే మనిషి పక్కన లేదు. ఇల్లమ్మేయాలనీ, పొలమమ్మేయాలనీ, ఫలానా మతం వాళ్ళతో మాట మానేయాలనీ, ఫలానా మందు మింగాలనీ భయపెట్టే వార్తలు రోజూ ఎవరో ఒకరు ప్రేమగానే తెచ్చి ఇస్తున్నారు. వాళ్ళలో చాలామంది దొంగలు కారు, మా చిన్నాయన లాంటివాళ్ళు. మనసులో ఉన్నది మన ముందు చెప్పలేక, వార్త చేత చెప్పిస్తున్నారు.

కనుక ఇది చదివి ఊరికే నిట్టూర్చకండి. లేవండి. మీ ఇంట్లో మీకు అలాంటి వార్తలు తెచ్చే మనిషి ఎవరో మీకు తెలుసు. ఇవాళే ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ఆ వార్తను చివరి వాక్యం దాకా పైకి చదివించండి. చదవడం అయ్యాక, నీకేం కావాలి అని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.